జ్ఞాపకమున్న పరుపు – దాని పుట్టుపూర్వోత్తరాలు

– తృతీయ బి.యస్సీ. (యం.పి.సి.) విద్యార్థి

మనిషి బ్రతుకులో మూడోవంతు నిద్రకే పోతుందంటారు. అరవయ్యేళ్ళు బ్రతికినవాడు ఇరవయ్యేళ్ళు పడుకునే గడిపాడన్నమాట! అంతకాలం మన వీపును మోసే వస్తువును గురించి మనలో ఎంతమంది ఆలోచించి ఉంటారు? నేనైతే ఎన్నడూ ఆలోచించలేదు. మా ఇంట్లో నులకమంచం ఉంది, దానిమీద బొంత ఉంది, పొలం నుంచి వచ్చి పడుకుంటే నిద్ర అదే పట్టేది. సంగతి అక్కడితో సరి.

కాని కిందటేడు మా నాయనమ్మ గొడ్ల చావిడిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు గాని ఆమె మంచం దిగలేదు. మూడోవారానికల్లా నడుము కింద, ఎముక పొడుచుకుని ఉండేచోట, చర్మం ఎర్రబారింది. ఐదోవారానికి అది పుండయింది. మా నాన్న ఒక పడ్డదూడను అమ్మి, ఆ డబ్బు తీసుకుని టౌనుకు పోయి ఒక కొత్తరకం పరుపు తెచ్చాడు. కొట్టువాడు దాని పేరు 'మెమొరీ ఫోమ్' అన్నాడట. “చంద్రుడి మీదికి పోయినవాళ్ళు పడుకున్న పరుపండీ ఇది, పుండు దానంతటదే మానిపోద్ది” అన్నాడట.

సెలవులకు ఇంటికి వెళ్ళగానే నాన్న అడిగాడు: “ఒరే, నువ్వు సైన్సు చదువుతున్నావు గదా, ఈ పరుపుకి జ్ఞాపకమేమిట్రా? ఇది పనిచేస్తుందా, చేయదా?”

నేను నోరు తెరవలేకపోయాను. హుక్ సూత్రం వచ్చు, స్నిగ్ధతా గుణకం వచ్చు, పాలిమర్ల మీద పది మార్కుల ప్రశ్నకు జవాబూ వచ్చు. మా నాన్న ప్రశ్నకు మాత్రం జవాబు రాదు! ఆ సిగ్గులోంచి పుట్టిందే ఈ వ్యాసం.

నులక నుంచి నురుగు దాకా

పరుపు కథ మన ఇళ్ళలో నులక మంచంతో మొదలవుతుంది. నులక ఒంటి బరువుకు సాగుతుంది. సాగినప్పుడు వీపు ఆకారానికి కొంత లొంగుతుంది. సందుల్లోంచి గాలి ఆడుతుంది. మన ఎండలకు అదెంత తెలివైన ఏర్పాటో ఈ వ్యాసం చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది. కలిగినవారిళ్ళలో బూరుగుదూది పరుపులుండేవి. దూది అణగిపోతే దూదేకులవారు వచ్చి మళ్ళీ ఏకి పెట్టేవారు.

ఐరోపాలో 1871 లో హైన్రిక్ వెస్ట్‌ఫాల్ అనే జర్మన్ దేశస్థుడు పరుపులో ఇనుప స్ప్రింగులు పెట్టాడు. 1929 లో బ్రిటన్‌లో డన్‌లప్ కంపెనీ శాస్త్రజ్ఞుడు ఇ.ఎ.మర్ఫీ రబ్బరుపాలను నురుగు వచ్చేలా గిలకొట్టి గట్టిపరచి మెత్తని రబ్బరు ఫోమ్ తయారుచేశాడు. మన ఊళ్ళలో ఇప్పటికీ ఏ ఫోమ్ పరుపునైనా 'డన్‌లప్ పరుపు' అని పిలిచేది అందుకే.

అసలు మలుపు 1937 లో వచ్చింది. జర్మనీలోని లెవర్‌కూసెన్‌లో ఆటో బేయర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి పాలీయురిథేన్ అనే కొత్త పాలిమర్‌ను కనిపెట్టాడు. (ఈయన ఇంటిపేరూ, బేయర్ కంపెనీ స్థాపకుడి ఇంటిపేరూ ఒకటే అయినా ఇద్దరికీ చుట్టరికం లేదు.) 1950 దశకంలో మెత్తని పాలీయురిథేన్ ఫోమ్ బజారుకొచ్చింది. కుర్చీల్లో, కారు సీట్లలో, పరుపుల్లో అదే నిండిపోయింది. మనం ఈనాడు 'స్పాంజి' అంటున్నది చాలావరకు ఇదే.

విమానం సీటులో పుట్టిన పదార్థం

ఇక కొట్టువాడు చెప్పిన చంద్రుడి కథకు వద్దాం. అందులో సగం నిజం, సగం గాలి.

చార్లెస్ యోస్ట్ అనే అమెరికన్ ఏరోనాటికల్ ఇంజనీరు 1962 ప్రాంతంలో అపోలో అంతరిక్ష నౌకను భూమికి క్షేమంగా దింపే ఏర్పాట్ల మీద పనిచేశాడు. 1966 లో కాలిఫోర్నియాలోని నాసా వారి ఏమ్స్ పరిశోధనా కేంద్రం ఒక వేరే సమస్య మీద ఆయన సహాయం కోరింది. విమానం గట్టిగా నేలకు తగిలినా, కూలినా సీటులోని మనిషి బ్రతికి బయటపడాలి. మామూలు ప్రయాణంలో సీటు సుఖంగానూ ఉండాలి. అందుకు తగిన మెత్త ఏది? ఇదీ సమస్య. అంటే ఈ పదార్థం పుట్టింది విమానం సీటు కోసం, అంతరిక్షంలో పడక కోసం కాదు. ఆలోచిస్తే ఈ సంగతి మనమే కనిపెట్టవచ్చు. భారరహిత స్థితిలో ఒళ్ళు దేనిమీదా ఆనదు. ఒళ్ళే ఆనని చోట పరుపెందుకు?

ఇందులోని చిక్కు ఏమిటంటే, స్ప్రింగు లాంటి మెత్త దెబ్బను దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది. అణిగేటప్పుడు తీసుకున్న శక్తిని లేచేటప్పుడు మనిషి వెన్నుకే అప్పజెబుతుంది. రాయి లాంటి సీటు అసలు శక్తినే తీసుకోదు. కావలసింది శక్తిని తీసుకుని, తిరిగి ఇవ్వకుండా తనలోనే వేడిగా ఖర్చుపెట్టుకునే మెత్త. యోస్ట్ తయారుచేసిన ఫోమ్ సరిగ్గా అలాంటిది. నొక్కితే అణుగుతుంది, చెయ్యి తీస్తే టక్కున లేవదు, నెమ్మదిగా లేస్తుంది. అందుకే మొదట దానికి 'స్లో స్ప్రింగ్‌బ్యాక్ ఫోమ్' అని పేరు. తర్వాత 'టెంపర్ ఫోమ్' అయింది. జనం నోట 'మెమొరీ ఫోమ్' గా స్థిరపడింది.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. ఈ పరుపు గుర్తుపెట్టుకునేది మన ఒంటి ఆకారాన్ని కాదు. తన సొంత ఆకారాన్ని! మనం లేచిపోగానే మనల్ని మరిచిపోయి, తన పాతరూపానికి తాను చేరుకుంటుంది. అదే దాని జ్ఞాపకం.

ఆసుపత్రి నుంచి పడకగది దాకా

యోస్ట్ ఈ ఫోమ్‌ను అమ్మటానికి డైనమిక్ సిస్టమ్స్ అనే సంస్థ పెట్టాడు. మొదటిరోజుల్లో ఇది పడకగదికి రాలేదు. కదలలేని రోగుల మెత్తల్లోకీ, చక్రాల కుర్చీల్లోకీ వెళ్ళింది. డల్లస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు శిరస్త్రాణాలలో దెబ్బ తగలకుండా దీన్ని వాడారు.

పరుపుగా రాకపోవటానికి కారణం తయారీలో ఉన్న కష్టమే. ఒకసారి వచ్చిన గుణం మరోసారి వచ్చేది కాదు. 1980 దశకం మొదట్లో నాసా ఈ పరిజ్ఞానాన్ని అందరికీ వదిలిపెట్టింది. చాలా కంపెనీలు జంకినా స్వీడన్‌లోని ఫాగెర్‌డాలా అనే సంస్థ పట్టుబట్టి ఏళ్ళతరబడి కృషిచేసి 1991 లో పరుపును బజారులోకి తెచ్చింది. మరుసటేడు, అంటే 1992 లో, అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో టెంపర్-పెడిక్ సంస్థ అక్కడ దాని అమ్మకం మొదలుపెట్టింది. 1998 లో ఈ ఫోమ్‌కు 'స్పేస్ టెక్నాలజీ హాల్ ఆఫ్ ఫేమ్' లో చోటు దొరికింది. 2013 లో అదే కంపెనీ సీలీ అనే పెద్ద స్ప్రింగు పరుపుల కంపెనీని కొనేసింది. విమానం సీటు కోసం పుట్టినది నలభై ఏడేళ్ళలో స్ప్రింగునే మింగిందన్నమాట!

వంట ఎలా జరుగుతుంది?

ఇది రసాయన శాస్త్రం. భయపడవద్దు, ఇడ్లీపిండి పులియటం తెలిసినవారికి ఇదీ తెలుస్తుంది.

పాలీయురిథేన్‌కు ముఖ్యమైన సరుకులు రెండు. ఒకటి పాలియోల్, అంటే ఒక్కొక్క అణువుకు రెండు మూడు హైడ్రాక్సిల్ చేతులున్న పదార్థం. రెండోది డైఐసోసయనేట్, అంటే ఆ చేతులను పట్టుకునే కొక్కేలు రెండున్న పదార్థం. చేతులూ కొక్కేలూ కలిసి వలలాగా అల్లుకుంటాయి. అందులో కొంచెం నీళ్ళు పోస్తారు. నీళ్ళతో ఐసోసయనేట్ కలిసి బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తుంది. ఒకవైపు వల గట్టిపడుతుంటే మరోవైపు ఆ వాయువు బుడగలు కట్టి పొంగిస్తుంది. పొంగటమూ గట్టిపడటమూ సమానంగా సాగాలి. ముందు గట్టిపడితే పొంగదు, ముందు పొంగితే కూలిపోతుంది.

మామూలు స్పాంజికి పొడుగైన పాలియోల్ గొలుసులు వాడతారు. మెమొరీ ఫోమ్‌కు పొట్టి గొలుసులు కలిపి ముడులు దగ్గర దగ్గరగా వేస్తారు. దానివల్ల 'గ్లాస్ ట్రాన్సిషన్' ఉష్ణోగ్రత మారుతుంది. ఆ ఉష్ణోగ్రతకు దిగువన పాలిమర్ గాజులా బిగుసుకుంటుంది, ఎగువన రబ్బరులా సాగుతుంది. మామూలు స్పాంజికి అది సున్నా డిగ్రీల కంటే చాలా కింద ఉంటుంది. మెమొరీ ఫోమ్‌కు దాన్ని గది ఉష్ణోగ్రత దాపుకు తెచ్చారు. ఉన్న రహస్యమంతా అదే.

మా ఇంట్లో దీనికి పోలిక ఉంది. బెల్లం దిమ్మ చలికాలంలో రోకలి పెట్టి కొట్టాలి. వేసవిలో అదే దిమ్మ వేలు పెడితే దిగబడుతుంది. మెమొరీ ఫోమ్‌కూ ఒంటి వేడి తగిలినచోట మెత్తబడి లొంగే గుణం, తగలనిచోట బిగిసి నిలిచే గుణం ఉన్నాయి.

మరో పోలిక దమ్ము చేసిన మడి. మడిలో కాలు పెట్టి తీస్తే గుంట పడుతుంది. బురద నెమ్మదిగా వచ్చి పూడుతుంది. ఆ నెమ్మదితనమే స్నిగ్ధత. రబ్బరు బంతి నొక్కితే వెంటనే లేస్తుంది. అది స్థితిస్థాపకత. మెమొరీ ఫోమ్‌లో రెండూ ఉన్నాయి, బురద ఓపికా, బంతి పట్టుదలా. మన పాఠ్యపుస్తకంలో హుక్ ఒక అధ్యాయంలో, న్యూటన్ స్నిగ్ధత మరో అధ్యాయంలో వస్తారు. ఈ పరుపులో ఇద్దరూ ఒకే మంచం ఎక్కారు.

ఒక చిన్న లెక్క

పుండు ఎందుకు పడుతుంది? చర్మం కింద సన్నని రక్తకేశనాళికలుంటాయి. 1930 లో యూజీన్ లాండిస్ అనే శాస్త్రజ్ఞుడు వేలి గోటి దగ్గర కేశనాళికలో పీడనం కొలిచాడు. ధమని వైపు సగటున 32 మిల్లీమీటర్ల పాదరసం వచ్చింది. బయటి ఒత్తిడి దానికి మించి గంటలతరబడి ఉంటే ఆ చోటికి రక్తం అందక చర్మం చచ్చిపోయే ప్రమాదముంది. (అందరికీ, అన్నిచోట్లా అదే అంకె అని కాదు. లెక్కకు ఒక ఆధారం మాత్రమే.)

60 కిలోల మనిషి బరువు సుమారు 588 న్యూటన్లు. గట్టి చెక్కమీద ఎముకలు పొడుచుకున్నచోట్ల మాత్రమే ఆని, మొత్తం 0.1 చదరపు మీటరు తగిలిందనుకోండి. పీడనం 5880 పాస్కల్‌లు, అంటే సుమారు 44 మిల్లీమీటర్ల పాదరసం. అదే మనిషి పరుపులోకి కొంచెం దిగి 0.4 చదరపు మీటరు మేర ఆనితే పీడనం 1470 పాస్కల్‌లు, అంటే 11 మిల్లీమీటర్లే. బరువు మారలేదు, విస్తీర్ణం మారింది. అంతే తేడా! ఇది సగటు లెక్క. ఎముక మొనల దగ్గర అసలు పీడనం ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. ఐనా దిశ తెలుస్తుంది. పరుపు మందు వేయదు, బరువును పంచుతుంది.

మా పరుపును పరీక్షించాను

సూత్రం బాగుంది. మరి మా నాన్న దూడను అమ్మి తెచ్చిన పరుపు సంగతేమిటి? పుండు తగ్గలేదు, పైగా నాయనమ్మ “ఒళ్ళంతా చెమటరా, పక్కకి తిరగలేకపోతున్నా” అంటోంది.

గలీబు జిప్పు తీసి చూశాను. ఆరంగుళాల మందంలో పైన ఒక్క అంగుళమే మెమొరీ ఫోమ్! అడుగున ఐదంగుళాలూ మామూలు స్పాంజే. నాన్నకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. అంచునుంచి చిన్న ముక్కలు రెండు కోసి కాలేజీకి తెచ్చాను. మా లెక్చరరు గారి అనుమతితో ప్రయోగశాలలో చూసినవి ఇవి:

1. సాంద్రత: పై పొర నుంచి 10 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 2 మందం గల ముక్కను, అంటే 200 ఘన సెంటీమీటర్లను, త్రాసులో తూచాను. 7 గ్రాములు తూగింది. అంటే ఘనమీటరుకు 35 కిలోలు. మేలురకం మెమొరీ ఫోమ్ 80 కిలోల దాకా ఉంటుంది. తక్కువ సాంద్రత గల ఫోమ్ త్వరగా పీచుబడిపోతుంది.

2. ఎగురుడు: ఉక్కు గుండును 50 సెంటీమీటర్ల ఎత్తునుంచి వదిలాను. అడుగు స్పాంజి మీద 20 సెంటీమీటర్లు ఎగిరింది, అంటే 40 శాతం. పై పొర మీద 5 సెంటీమీటర్లే, 10 శాతం. మెమొరీ ఫోమ్ మీద ఇది సాధారణంగా 20 శాతానికి లోపే ఉంటుంది. కాబట్టి పై పొర పేరు అబద్ధం కాదు, మందమే చాలదు.

3. వేడి: ఒక ముక్కను హాస్టలు మెస్సు ఫ్రిజ్‌లో ఉంచి తీస్తే చెక్కలా బిగిసింది. మధ్యాహ్నం డాబా మీద ఎండలో ఉంచితే పిండిముద్దలా అయింది.

మూడో ప్రయోగంతో నాయనమ్మ మాట అర్థమైంది. స్వీడన్ చలిలో మనిషి వేడికి మాత్రమే లొంగే పరుపు మన మే నెలలో మనిషి ఎక్కకముందే లొంగిపోయి ఉంటుంది! మనిషి పూర్తిగా దిగబడితే పక్కకు తిరగటానికి బలం కావాలి. చుట్టూ ఫోమ్ కప్పేస్తే గాలి ఆడదు, చెమట ఆరదు. చెమటకు నానిన చర్మం త్వరగా చిట్లుతుంది. గాలాడే నులకకు నేను మనసులోనే దండం పెట్టాను. ఈ వేడి సమస్యకే కంపెనీలు తర్వాత బుడగల గోడలు ఎక్కువగా తెరిచిన ఫోములనూ, జెల్ కలిపిన ఫోములనూ తెచ్చాయి.

నర్సమ్మ చెప్పిన పాఠం

అప్పుడు మా ఊరికి వచ్చే నర్సమ్మగారిని పిలిచాము. ఆమె పరుపు వంక చూడనైనా చూడలేదు. ముందు పైన పరిచిన రబ్బరు షీటును పట్టి చూసింది. పరుపు తడవకుండా మేము దాన్ని నాలుగు వైపులా లాగి బిగించి కట్టాము. “ఇది డప్పు తోలులాగా బిగిసుంటే అడుగున ఏ పరుపున్నా ఒకటే బాబూ. వదులు చెయ్యండి” అంది. నిజమే గదా! షీటు బిగిసి ఉంటే ఒళ్ళు ఫోములోకి దిగదు, విస్తీర్ణం పెరగదు. లెక్క వేసిన నాకు ఈ సంగతి తట్టలేదు.

“ఎన్ని గంటలకోసారి తిప్పుతున్నారమ్మా?” అని మా అమ్మను అడిగింది. అమ్మ తల దించుకుంది. పరుపు వచ్చిందిగదా అని తిప్పటం తగ్గించామన్న సంగతి అప్పుడు తేలింది. “రెండు గంటలకోసారి తిప్పాలి. చర్మం పొడిగా ఉంచాలి. పప్పూ, గుడ్డూ, పాలూ పెట్టాలి. పరుపు సాయం చేస్తుంది గాని మీ చేతుల బదులు పనిచెయ్యదు” అని చెప్పి, పుండు కడిగి కట్టుకట్టి, పెద్దాసుపత్రిలో ఒకసారి చూపించమని వెళ్ళింది.

ఆనాటి నుంచి వంతులు వేసుకున్నాము. పగలు అమ్మ, సాయంత్రం చెల్లెలు, రాత్రి పది నుంచి నాన్నా నేనూ. పెద్దాసుపత్రిలోనూ చూపించాము. నాలుగు నెలలకు పుండు మానింది. నాయనమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని వాకిట్లోకి వస్తోంది.

మంచిచెడ్డలు

పదార్థాన్ని నిందించటం నా ఉద్దేశం కాదు. సరైన మందం, సరైన సాంద్రత ఉన్న ఫోమ్ మంచాన పడ్డవారికి మేలు చేస్తుంది. కాని కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి.

ఐసోసయనేట్లు ఫ్యాక్టరీ కార్మికుల ఊపిరితిత్తులకు హాని చేసే పదార్థాలు. 1984 డిసెంబరులో భోపాల్‌లో వేలమందిని బలిగొన్న వాయువు మిథైల్ ఐసోసయనేట్ ఇదే కుటుంబానిది, పురుగుమందు తయారీలో వాడినది. ఫోమ్‌లో వాడేది వేరు, తయారైన ఫోమ్‌లో అది కలిసిపోయి ఉంటుంది. ఐనా కొత్త పరుపు వాసన కొట్టటం సహజం. కొద్దిరోజులు గాలికి ఉంచాలి. నిప్పుకు ఇది త్వరగా అంటుకుని విషపు పొగ వదులుతుంది. అమెరికాలో 2007 జూలై 1 నుంచి పరుపులకు మంటల పరీక్ష తప్పనిసరి చేశారు. మన ఇళ్ళలో మంచం పక్కన దీపం, బీడీ, దోమల చుట్ట పెట్టకుండా ఉంటే అదే మన పరీక్ష. పసిపిల్లలను దీనిమీద పడుకోబెట్టరాదు. ముక్కు మెత్తలో కూరుకుపోతే వారు తిరగలేరు.

రైతుబిడ్డగా ఇంకొక్క మాట. ఈ ఫోముకు వాడే పాలియోల్ చాలావరకు పెట్రోలియం నుంచి వస్తుంది. కాని ఆముదం కూడా స్వతహాగా ఒక పాలియోలే! అందులోని రిసినోలిక్ ఆమ్లానికి హైడ్రాక్సిల్ చేయి పుట్టుకతోనే ఉంది. ప్రపంచంలో ఆముదాలు అన్నిటికంటే ఎక్కువ పండేది మన దేశంలోనే. గుజరాత్ ముందున్నా, నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టచేలకూ ఈ పంట పాతచుట్టమే. మొక్కల నూనెతో పాలియోల్‌లో కొంత భాగం నింపిన ఫోములు ఇప్పటికే వస్తున్నాయి. మన మెట్టరైతు పండించిన గింజ మంచాన పడ్డ ఒక ముసలమ్మ వీపును మోసే రోజు కోసం మన రసాయనశాస్త్ర విద్యార్థులెవరైనా పనిచేస్తే ఎంత బాగుండును!

చివరగా

కొనబోయేవారికి నా సలహా నాలుగు ముక్కలు. గలీబు విప్పి పొరల మందం చూడండి. సాంద్రత ఎంతో అడగండి. అరచేత్తో నొక్కి, ఎంతసేపటికి లేస్తుందో చూడండి. చంద్రుడి కథ చెబితే నవ్వి ఊరుకోండి.

నాన్న ప్రశ్నకు ఇప్పుడు నా దగ్గర జవాబుంది. మొన్న పండక్కి వెళ్ళినప్పుడు చెప్పాను: “పనిచేస్తుంది నాన్నా, కాని సగమే. ఆ పరుపుకి తన ఆకారం తప్ప ఇంకేమీ జ్ఞాపకముండదు. రెండు గంటలకోసారి అన్న సంగతి మనమే జ్ఞాపకముంచుకోవాలి.” నాన్న కాసేపు ఊరుకుని, “ఐతే దూడ పోయినందుకు నీకు చదువన్నా వచ్చిందిరా” అన్నాడు.